వాడేసిన వంటనూనెతో డీజిల్ బండి నడుస్తుందా? ఇంట్లో బయోడీజిల్ చేసుకోవచ్చా?

ముంబయి హైవే మీద పటాన్‌చెరు దాటి ముత్తంగి, ఇస్నాపూర్ మీదుగా సంగారెడ్డి వైపు వెళ్తుంటే రోడ్డు పొడవునా లారీలు, డీసీఎంలు, కంపెనీ బస్సులే. వాటి డ్రైవర్ల కోసం అడుగడుగునా దాబాలు, టిఫిన్ సెంటర్లు, మిర్చి బజ్జీ బండ్లు. బండ్లకు డీజిల్ కావాలి. దాబాల్లో రోజూ నల్లబడిన నూనె మిగులుతుంది. ఈ నూనెనే ఆ ట్యాంకులో పోస్తే పోలా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. 2024 మార్చిలో లీటరుకు రూ.2 తగ్గించాక కూడా హైదరాబాద్‌లో డీజిల్ రూ.95 పైనే పలికింది. పైగా ఒక డ్రమ్ము, మోటారు, నాలుగు పైపులతో 'ఇంట్లోనే డీజిల్' అంటూ చూపించే వీడియోలకు కొదవ లేదు.

ఆ వీడియోలు పూర్తిగా అబద్ధం కావు. వంటనూనెతో డీజిల్ ఇంజిన్ నడుస్తుంది. అయితే ఏ నూనె, ఏ ఇంజిన్, తయారీలో మిగిలే వ్యర్థం ఎటు పోతుంది, చట్టం ఏమంటుంది అన్నవి వీడియోల్లో కనిపించవు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

నూనె వేరు, బయోడీజిల్ వేరు

డీజిల్ ఇంజిన్‌కు, నూనెకు ఉన్న బంధం కొత్తది కాదు. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఆ ఇంజిన్‌ను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ కూడా మొక్కల నూనెలకు భవిష్యత్తు ఉంటుందని తర్వాత చెప్పారు.

ఇబ్బంది చిక్కదనంతో వస్తుంది. మన బంకుల్లో దొరికే డీజిల్ చిక్కదనం 40 డిగ్రీల వద్ద 2 నుంచి 4.5 యూనిట్లు ఉండాలని ప్రమాణం. అదే వేడి దగ్గర వంటనూనెలది 30 నుంచి 40 వరకు ఉంటుంది. అంటే దాదాపు పది రెట్లు. డీజిల్‌ను పొగమంచులా చిమ్మాల్సిన ఇంజెక్టర్ ఈ నూనెను బొట్లుబొట్లుగా చిమ్ముతుంది. ఆ బొట్లు పూర్తిగా కాలవు. ఇంజెక్టర్ మూతి దగ్గర, పిస్టన్ రింగుల్లో మసి గట్టిపడుతుంది. కాలని నూనె కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. బండి మొదటి రోజు బాగానే నడుస్తుంది. దెబ్బ కొన్ని వందల గంటలు నడిచాక బయటపడుతుంది. 'మా వాడు పోసి చూశాడు, ఏం కాలేదు' అనేవాళ్లు చెప్పేది ఆ మొదటి రోజు సంగతి.

ఒకేచోట ఉండి, నెమ్మదిగా, ఒకే వేగంతో తిరిగే పాతకాలపు పంపుసెట్లు, జనరేటర్లు దీన్ని కొంత తట్టుకుంటాయి. కర్ణాటకలోని కగ్గనహళ్లిలో బెంగళూరు ఐఐఎస్‌సీ బృందం కానుగ నూనెతో జనరేటర్లు నడిపి నీళ్లు తోడించింది ఈ పద్ధతిలోనే. గేర్లు మారుతూ, ట్రాఫిక్‌లో ఆగుతూ, ఫ్లైఓవర్లు ఎక్కే బండి పరిస్థితి వేరు.

బయోడీజిల్ అంటే ఆ నూనెనే రసాయన చర్యతో పలుచన చేసిన ఇంధనం. ఆ చర్య సరిగ్గా జరిగితే చిక్కదనం 3.5 నుంచి 5 యూనిట్లకు దిగుతుంది. డీజిల్‌కు దగ్గరి చుట్టం అన్నమాట. మన దేశంలో దీనికి ఐఎస్ 15607 అనే బీఐఎస్ ప్రమాణం ఉంది.

తయారీ ఎలా జరుగుతుంది?

నూనె అణువు ఒక గ్లిజరిన్ వెన్నెముకకు మూడు కొవ్వు ఆమ్లాల తోకలు తగిలించినట్టు ఉంటుంది. మిథనాల్ కలిపి, కాస్టిక్ సోడాను ఉత్ప్రేరకంగా వేసి వేడిచేస్తే తోకలు ఊడి మిథనాల్‌తో జతకడతాయి. అదే బయోడీజిల్. బరువైన గ్లిజరిన్ అడుగున చేరుతుంది.

కాగితం మీద ఇది తేలికే. 100 లీటర్ల నూనెకు 20 లీటర్ల పైచిలుకు మిథనాల్ పడుతుంది. కొత్త నూనె అయితే లీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల కాస్టిక్ సోడా చాలు. వేడి 55-60 డిగ్రీల మధ్య ఉండాలి. 65 డిగ్రీలకు మిథనాల్ మరిగి ఆవిరైపోతుంది కాబట్టి అక్కడిదాకా పోనివ్వకూడదు. గంట, రెండు గంటలు కలియబెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచితే పైన తేనె రంగు ద్రవం, కింద చిక్కటి గోధుమరంగు గ్లిజరిన్ విడిపోతాయి. పైదాన్ని గోరువెచ్చని నీళ్లతో కడగాలి, ఆ తడి పోయేదాకా ఆరబెట్టాలి.

వాడేసిన నూనె దగ్గరే చిక్కంతా. బజ్జీల మూకుడులో రోజంతా కాగిన నూనె విరిగి, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. అవి కాస్టిక్ సోడాతో కలిస్తే ఇంధనం బదులు సబ్బు తయారవుతుంది. అందుకే ప్రతి డబ్బాకూ విడిగా ఆమ్లత్వం పరీక్ష చేసి, ఎంత సోడా అదనంగా వేయాలో తేల్చుకోవాలి. నిన్నటి దాబా నూనె లెక్క ఇవాళ్టి టిఫిన్ సెంటర్ నూనెకు పనికిరాదు. నూనెలో నీటి తడి ఉన్నా సబ్బే. కూరగాయలు, చికెన్ వేయించిన నూనెలో తడి లేకుండా ఉండదు. ముందే కాచి, వడకట్టి, నీరు పోగొట్టాలి.

సరిగ్గా అయిందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో చేసేవాళ్లు వాడే ఒక చిన్న పరీక్ష ఉంది. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ వేసి ఊపితే పూర్తిగా కలిసిపోవాలి. అడుగున నూనె చుక్కలు కనిపిస్తే చర్య సగంలోనే ఆగిందని అర్థం. ఈ పరీక్ష అంతవరకే చెబుతుంది. ఐఎస్ 15607 అడిగే ఫ్లాష్ పాయింట్, నీటి శాతం, మిగిలిన మిథనాల్, సోడియం-పొటాషియం లెక్కలు ప్రయోగశాలలో తప్ప తేలవు. హైదరాబాద్ తార్నాకలోని సీఎస్ఐఆర్-ఐఐసీటీ వంటి పరిశోధన సంస్థలు ఏళ్ల తరబడి బయోడీజిల్ మీద పనిచేసింది, తయారైన ప్రతిసారీ ఒకే నాణ్యత రాబట్టడం అంత సులువు కాదు కాబట్టే.

మిథనాల్ విషయంలో ఆటలొద్దు

వీడియోల్లో నీళ్ల సీసాలో పోసి చూపించే ఆ తెల్లటి ద్రవమే ఈ మొత్తం వ్యవహారంలో ప్రాణాల మీదికి తెచ్చేది. మిథనాల్ ఆవిరి 11-12 డిగ్రీల వద్దే నిప్పంటుకోగలదు. అంటే మన దగ్గర జనవరి రాత్రుల్లో తప్ప ఏడాదంతా గది వేడికే ప్రమాదకరం. అంటుకుంటే ఆ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. వంటగదిలో, గ్యాస్ స్టవ్ పక్కన, లేదా బాల్కనీలో ఇన్వర్టర్ దగ్గర దీన్ని వేడిచేయడం ఎంత పిచ్చిపనో వేరే చెప్పక్కర్లేదు.

ఒంట్లోకి వెళ్తే ఇంకా ఘోరం. కొద్ది మొత్తం కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. చర్మం గుండా, పీల్చే గాలి గుండా కూడా ఒంట్లో చేరుతుంది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది మిథనాల్ కలిసిన కల్తీ సారా తాగే. అందుకే ఇది విషపదార్థాల చట్టం, ఎక్సైజ్ నిబంధనల పరిధిలో ఉంటుంది. కొనడానికి, నిల్వ పెట్టుకోవడానికి లైసెన్సు అడుగుతారు. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం ప్రాంతంలో మందుల కంపెనీలు ఎక్కువ. సాల్వెంట్ డ్రమ్ములు తిరుగుతూనే ఉంటాయి. 'కంపెనీ నుంచి వచ్చింది, తక్కువకే ఇస్తా' అని ఎవరైనా అంటే అందులో ఏముందో ఇచ్చేవాడికీ తెలిసి ఉండదు. దాని జోలికి పోవద్దు.

కాస్టిక్ సోడా కూడా తక్కువేమీ కాదు. మిథనాల్‌లో వేయగానే వేడెక్కుతుంది. కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది.

మిగిలే నీళ్లు ఎక్కడికి పోతాయి?

వందల లీటర్ల నూనె శుద్ధి చేస్తే అంతే మోతాదులో సబ్బు, సోడా, మిథనాల్ కలిసిన కడుగునీళ్లు వస్తాయి. వాటితోపాటు బకెట్ల కొద్దీ ముడి గ్లిజరిన్. అందులోనూ మిథనాల్ ఉంటుంది. ఇంట్లో చేసేవాళ్లు వీటిని ఏం చేస్తారు? మోరీలో పారబోస్తారు.

ఈ ప్రాంతానికి ఆ మాట ఎంత బరువైనదో ఇక్కడ పుట్టిపెరిగిన వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పారిశ్రామికవాడల వ్యర్థజలాలు నక్కవాగులో, అక్కడి నుంచి మంజీరలో కలిసిన చరిత్ర మీద 1990 నుంచి సుప్రీంకోర్టులో, తర్వాత జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో కేసులు నడిచాయి. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో యాంటీబయోటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటిస్తే ప్రపంచమంతా ఈ ఊరి పేరు విన్నది. ఫ్యాక్టరీల మీద ఇంత పోరాటం జరిగిన చోట, పర్యావరణం పేరు చెప్పి ప్రతి ఇల్లూ ఒక చిన్న రసాయన కర్మాగారం కావడం న్యాయం కాదు. వాణిజ్యపరంగా చేసే యూనిట్‌కు కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు అడిగేది ఇందుకే.

మీ బండి ఏది?

2020 ఏప్రిల్ 1 తర్వాత రిజిస్టరైన బీఎస్-6 డీజిల్ బండి అయితే ఈ ప్రయోగం గురించి ఆలోచించకపోవడమే మంచిది. వీటిలో కామన్ రైల్ వ్యవస్థ ఇంధనాన్ని దాదాపు 2,000 బార్ ఒత్తిడితో చిమ్ముతుంది. ఇంజెక్టర్ రంధ్రాలు వెంట్రుకంత. నీటి తడి, సబ్బు ముక్క, సగం మారిన నూనె ఏది చేరినా తట్టుకోవు. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. సరిగా కడగని బయోడీజిల్‌లోని సోడియం, పొటాషియం బూడిదగా మారి ఆ ఫిల్టర్‌లో పేరుకుంటాయి. మసి కాలుతుంది కానీ ఈ బూడిద కాలదు. ఫిల్టర్‌ను శుభ్రం చేసుకోవడానికి ఇంజిన్ అప్పుడప్పుడూ అదనంగా ఇంధనం చిమ్ముకుంటుంది. బయోడీజిల్ త్వరగా ఆవిరి కాదు కాబట్టి అందులో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌ను పలుచన చేస్తుంది.

పాత జీపు, ట్రాక్టర్, పాత డీజిల్ ఆటో అయితే ఇంజిన్ కొంత ఓర్చుకుంటుంది. అక్కడా రెండు చికాకులున్నాయి. బయోడీజిల్ మంచి ద్రావణి. ఏళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డినంతా కరిగించి తెచ్చి ఫిల్టర్‌లో నింపుతుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బి కారడం మొదలవుతుంది.

చలి సంగతి చాలామందికి తట్టదు. మన హోటళ్లలో ఎక్కువగా వాడేది పామాయిలే. దానితో చేసిన బయోడీజిల్ 15 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి మసకబారి, ఇంకా చల్లబడితే గడ్డకట్టడం మొదలవుతుంది. సంగారెడ్డి జిల్లా కోహీర్‌లో చలికాలం రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం ఏటా వార్తే. జహీరాబాద్ వైపు తెల్లవారుజామున బయల్దేరే బండి ట్యాంకులో ఇది ఉంటే స్టార్ట్ కాదు.

బంకు డీజిల్‌లో అసలు బయోడీజిల్ ఉండనే ఉండదని కాదు. భారతీయ డీజిల్ ప్రమాణమే 7 శాతం వరకు కలపడానికి ఒప్పుకుంటుంది. అది పరీక్షించిన బయోడీజిల్, నూనె కంపెనీలు డిపోలో కలిపేది. మీరు డబ్బాతో పోసేది అదీ ఒకటి కాదు. వారంటీ క్లెయిమ్ దగ్గర కంపెనీ చూసేది కూడా ఆ తేడానే.

కానుగ నూనెతో మన దగ్గర ఏం జరిగింది?

ఇంటి ప్రయోగాల సంగతి అలా ఉంచితే, పటాన్‌చెరుకు ఈ కథలో ఒక గౌరవప్రదమైన చోటుంది. ఇక్కడి ఇక్రిశాట్ కానుగ, అడవి ఆముదం పంటల మీద పరిశోధన చేసింది. ఐటీడీఏతో కలిసి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళా సంఘాలకు అండగా నిలిచింది. వాళ్లు కానుగ మొక్కలు నాటారు, గింజలు సేకరించి గానుగ మిషన్‌తో నూనె తీశారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. ఒక గూడెం ఆడవాళ్లు కార్బన్ క్రెడిట్ అమ్ముకోవడం మాత్రం అప్పట్లో పెద్ద వార్త.

గమనించాల్సిందేమిటంటే పవర్‌గూడ మహిళలు చేసింది నూనె తీయడం, అమ్మడం. మిథనాల్‌తో పని వాళ్లు ఇళ్లలో పెట్టుకోలేదు. ఆ పని కర్మాగారాలది. చౌటుప్పల్ దగ్గర సంస్థాన్ నారాయణపూర్‌లో, కాకినాడలో అలాంటి ప్లాంట్లు వచ్చాయి.

దేశం మొత్తమ్మీద చూస్తే ఆ ఉత్సాహం నిలవలేదు. 2017 నాటికి 20 శాతం బయోడీజిల్ కలపాలని 2009 విధానంలో రాసుకున్నారు. బీడు భూముల్లో అడవి ఆముదం ఆశించినంత కాయలేదు. 2018 విధానం లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి తగ్గించింది. దానికీ ఇంకా చాలా దూరంలోనే ఉన్నాం. గింజలు రాకపోవడంతో ఇప్పుడు చూపంతా వాడేసిన వంటనూనె మీద పడింది.

చట్టం ఏమంటోంది?

బయోడీజిల్ అమ్మకాన్ని 2005 నాటి డీజిల్ నియంత్రణ ఉత్తర్వు, దానికి 2015, 2017లో వచ్చిన సవరణలు, 2019 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు నియంత్రిస్తున్నాయి. వీటి వెనుక ఉన్నది నిత్యావసర వస్తువుల చట్టం. ఉల్లంఘిస్తే ఏడేళ్ల వరకు జైలు పడే అవకాశం ఉంది. అమ్మేది డీజిల్‌లో కలపడానికి ఉద్దేశించిన బీ100 అయి ఉండాలి, ఐఎస్ 15607కు సరిపోవాలి. ఇంట్లో చిన్నమొత్తంలో చేసుకునేవారికంటూ ప్రత్యేక మినహాయింపు ఆ మార్గదర్శకాల్లో లేదు. పక్కింటాయనకు ఐదు లీటర్లు డబ్బులకు ఇచ్చినా అది అమ్మకమే.

బండిని మరో ఇంధనానికి మార్చేలా ట్యాంకు, పైపులు, హీటర్లు బిగించుకుంటే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వర్తిస్తుంది. ఆర్టీఏ అనుమతి లేకుండా అలాంటి మార్పు చేయకూడదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట వెతికేది ఇలాంటివే.

రోడ్డు పక్కన 'బయోడీజిల్' బోర్డు పెట్టి చవగ్గా పోసేవాళ్లతోనూ జాగ్రత్త. గుజరాత్‌లో 2020, 2021లో పోలీసులు ఇలాంటి అక్రమ పంపుల మీద పెద్దఎత్తున దాడులు చేశారు. బయోడీజిల్ పేరుతో పోస్తున్నది చాలాచోట్ల పారిశ్రామిక నూనెల మిశ్రమమే. అనుమానం వస్తే పౌరసరఫరాల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

డబ్బులైనా మిగులుతాయా?

సంగారెడ్డిలో ఉంటూ పటాన్‌చెరులో పనిచేసే వ్యక్తికి రోజుకు రానూపోనూ 60 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండికి నెలకు పాతిక రోజుల్లో 100 లీటర్లు పడుతుంది. బంకులో సుమారు రూ.9,500.

బయోడీజిల్‌లో శక్తి కాస్త తక్కువ కాబట్టి మైలేజీ 7-8 శాతం పడిపోతుంది. వడపోతలో, సబ్బులో పోయేది కలిపితే కనీసం 115 లీటర్ల వాడిన నూనె కావాలి. లీటరు రూ.55కు దొరికినా నూనెకే రూ.6,300 దాటింది. మిగిలిన మూడు వేల చిల్లరలో పాతిక లీటర్ల మిథనాల్, సోడా, కరెంటు, తరచూ మార్చే ఫిల్టర్లు, రెండు ఆదివారాల చాకిరీ. ఏడాదిలో ఒక్క ఇంజెక్టర్ పోతే ఆ ఆదా అంతా గోవిందా. ఇక ఇంటి మూకుడులో మిగిలే నూనెతోనే చేద్దామంటే, నెలకు ఒక లీటరు మిగిలే కుటుంబానికి 115 లీటర్లు కూడబెట్టడానికి తొమ్మిదేళ్లకు పైగా పడుతుంది. కొత్త నూనె కొని చేయడం గురించి మాట్లాడుకోవడం దండగ. ప్యాకెట్ నూనె డీజిల్ కన్నా ఖరీదు.

మరి ఆ నూనెను ఏం చేయాలి?

మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే హానికర పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జులై 1 నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. అదే ఏడాది ఆగస్టు 10న 'రూకో' పేరుతో వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించే కార్యక్రమం మొదలైంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు, స్వీట్ షాపులు, క్యాంటీన్లు 2019 మార్చి నుంచి లెక్కల పుస్తకం రాయాలి, వాడిన నూనెను నమోదైన సేకరణ సంస్థలకే ఇవ్వాలి. 2019 ఆగస్టులో చమురు కంపెనీలు ఈ నూనెతో చేసిన బయోడీజిల్‌ను మొదటి ఏడాది లీటరు రూ.51కి కొంటామని ముందుకొచ్చాయి.

పెద్ద హోటల్ వదిలేసిన నూనె డబ్బా చిన్న బండి మూకుడులోకి చేరకుండా ఆపడమే ఈ నిబంధనల అసలు ఉద్దేశం. పారిశ్రామికవాడల్లో కంపెనీ క్యాంటీన్లు చాలా ఉన్నాయి. అక్కడ పనిచేసేవారు తమ క్యాంటీన్ నూనె ఎక్కడికి వెళ్తోందో ఒకసారి అడిగితే మంచిది.

ఇంటి నూనె అయితే పూర్తిగా చల్లారాక గుడ్డతో వడకట్టి, తడిలేని ప్లాస్టిక్ సీసాలో పోసి మూత బిగించండి. సింకులో పోస్తే పైపుల్లో గడ్డకడుతుంది. ఇంజిన్ ఆయిల్ కలిపితే ఏ సంస్థా తీసుకోదు. ఒక్కో ఇంటి నుంచి లీటరు కోసం ఎవరూ రారు కాబట్టి అపార్ట్‌మెంట్ సంఘం తరఫున సెల్లార్‌లో ఒక మూత ఉన్న డ్రమ్ము పెట్టుకుని, నిండాక సేకరణ సంస్థకు ఫోన్ చేయడం తేలిక. ఎవరు నమోదై ఉన్నారో ఎఫ్ఎస్ఎస్ఏఐ వెబ్‌సైట్‌లో రూకో విభాగంలో చూసుకోవచ్చు. వచ్చినవారి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఎన్ని లీటర్లు తీసుకెళ్లారో రాసిన రసీదు తీసుకోండి. ఎక్కువ ధర ఇస్తాం కానీ రసీదు ఇవ్వమంటే ఆ డ్రమ్ము వాళ్లకు ఇవ్వొద్దు. అది బయోడీజిల్ ప్లాంటుకు కాక మరో మూకుడుకు పోయే నూనె కావచ్చు.